మనస్సు చదువులో మెదడు పాఠం: హైదరాబాదు చరిత్ర చెప్పేదేమిటి?

మనస్తత్వశాస్త్రం చదివే బి.ఏ. విద్యార్థి మెదడును గురించి ఎందుకు చదవాలి? ఈ ప్రశ్న వేసేవారిలో రెండు తెగలున్నాయి. మనస్తత్వశాస్త్రమంటే రాగద్వేషాలకూ, జ్ఞాపకాలకూ, కలలకూ సంబంధించిన విద్య అనీ, నాడీకణాల గొడవ వైద్య కళాశాలలో చూసుకోవాలనీ మొదటి తెగవారు అంటారు. రెండవ తెగవారి వాదం దీనికి నేరుగా ఎదురు. మనస్సు అంటే మెదడు చేసే పని గనుక మెదడును చదివితే చాలుననీ, మిగిలిన మనస్తత్వశాస్త్రమంతా కాలం చెల్లిన కబుర్లనీ వారంటారు. మొదటివారు మనస్సును శరీరం నుంచి విడదీస్తున్నారు. రెండవవారు శరీరాన్ని సమాజం నుంచి విడదీస్తున్నారు. ఈ రెండు విడదీతలకూ చరిత్ర వుంది. ఆ చరిత్రలో కొన్ని పుటలు మన హైదరాబాదులోనే రాయబడ్డాయి. వాటిని విద్యార్థుల ముందు పరచడం ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు పాఠం చెప్పుకునేవాడికి ఈ విషయంతో ఏం పని అని పాఠకులు అడగవచ్చు. నా పని మాటలతో. నేను పనిచేసే కళాశాల శాలిబండ ప్రాంతంలో వుంది. మనస్తత్వశాస్త్రం ఐచ్ఛికంగా తీసుకున్న పిల్లల్లో చాలామంది ఇంటర్మీడియట్‌లో చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం చదివినవాళ్లు. పదవ తరగతి దాటాక జీవశాస్త్రం ముఖం చూడనివాళ్లు. ఇంట్లో కొందరిది ఉర్దూ, కొందరిది తెలుగు. చేతిలో పుస్తకం మాత్రం ఇంగ్లీషు. ప్రవర్తనకు జీవశాస్త్ర ప్రాతిపదిక అనే అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి వాళ్లకు దారి మూసుకుపోతుంది. పేర్లు బట్టీ పట్టి, పరీక్షలో బొమ్మ గీసి, మార్కులు తెచ్చుకుని, ఆ అధ్యాయాన్ని అక్కడే వదిలేస్తారు. కొందరు మాత్రం మాటల కోసం నా దగ్గరికి వస్తారు. "సినాప్స్‌ను తెలుగులో ఏమంటారు సార్?" అని అడుగుతారు. నాడీకణ సంధి అని చెబుతాను. సవర్ణదీర్ఘ సంధి గుర్తొచ్చి నవ్వుతారు.

ఆ నవ్వులో శాస్త్రచరిత్ర వుంది. వ్యాకరణంలో సంధి జరిగినచోట రెండు అచ్చులు కలిసి ఒకటవుతాయి. నాడీకణాల మధ్య జరిగేది అది కాదు. అక్కడ రెండు కణాలు దగ్గరికి వస్తాయి గాని కలవవు. మధ్య మిల్లీమీటరులో యాభైవేలవ వంతు ఖాళీ మిగులుతుంది. ఒక కణం ఆ ఖాళీలోకి రసాయనాన్ని వదులుతుంది, అవతలి కణం అందుకుంటుంది. అంటే అది సంధి కన్నా సందు అనదగినది. సంధా, సందా అన్న ఈ ప్రశ్న మీదనే యూరపులో ఇద్దరు మహాశాస్త్రజ్ఞులు తగువు పడ్డారు. మెదడంతా అతుకులు లేని ఒకే అల్లిక అని ఇటలీకి చెందిన గొల్గీ వాదం. ఏ కణానికి ఆ కణం విడిగా వుంటుందని స్పెయిన్‌కు చెందిన కహాల్ వాదం. గొల్గీ కనిపెట్టిన రంగు పద్ధతినే వాడి కహాల్ గొల్గీని కాదన్నాడు. 1906లో నోబెల్ బహుమానాన్ని ఇద్దరికీ కలిపి ఇస్తే, ఆ సభలోనే గొల్గీ తన ఉపన్యాసంలో కహాల్ పక్షాన్ని ఖండించాడు. 1950ల్లో ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చి ఆ ఖాళీని కళ్లకు కట్టేదాకా తగువు పూర్తిగా తీరలేదు. పరిభాషలో ఒక్క మాట ఎంచుకోవడమంటే ఒక సిద్ధాంతం పక్షాన నిలబడడమే. ఈ సంగతి తెలిసిన విద్యార్థికి నాడీకణ సంధి బట్టీ పట్టే మాటగా మిగలదు.

నరం అన్న మాట చూడండి. వాడుకలో నరమంటే నెత్తురు పారే గొట్టమూ అవుతుంది, మెదడు నుంచి కబురు మోసే తీగా అవుతుంది. ఇంజక్షన్‌కు నరం దొరకలేదంటాం. నరాల బలహీనత అని గోడమీద ప్రకటన చదువుతాం. రెండూ ఒకటి కావు. నాడి అన్న సంస్కృత పదానికి మొదటి అర్థం బోలుగా వుండే కాడ, గొట్టం. దాన్నే వైద్యుడు చెయ్యి పట్టి చూసే నాడి అన్నాం, యోగశాస్త్రంలో ప్రాణం నడిచే దారి అన్నాం, ఇప్పుడు నాడీకణం అంటున్నాం. గ్రీకు భాషలో న్యూరాన్ అనే మాటకు పూర్వార్థం కండను ఎముకకు కట్టే పట్టు. అరబీ నుంచి ఉర్దూకు వచ్చిన అసబ్ అనే మాటా అంతే. హిందీవారు వాడే స్నాయువూ అంతే. కోసి చూసినప్పుడు రెండూ తెల్లగా, గట్టి దారాల్లా కనబడతాయి గనుక పూర్వులు రెండింటినీ ఒకే పేరుతో పిలిచారు. కోసి చూసిన అనుభవమే అన్నిచోట్లా మాటను పుట్టించింది. శాలిబండ తరగతిలో పక్కపక్కన కూర్చున్న ఉర్దూ పిల్లవాడికీ తెలుగు పిల్లకూ ఈ సంగతి చెబితే, రెండు భాషలూ ఒకే దారిన నడిచి వచ్చాయని వాళ్లకు అర్థమవుతుంది.

మనస్సు ఎక్కడుంది అన్న ప్రశ్నకు పూర్వులు ఇచ్చిన జవాబులను వెక్కిరించి వదిలెయ్యడం కూడా చరిత్ర తెలియనివారి పనే. చరకుడి సంప్రదాయం చైతన్యానికి స్థానం హృదయమంది. అదే ఆయుర్వేదంలో భేలసంహిత మనస్సును తలకూ అంగిలికీ నడుమ వుంచింది. తెలుగు పలుకుబడి ఈ పాత శరీరశాస్త్రాన్ని ఇంకా మోస్తూనే వుంది. మన ధైర్యం గుండెలో, అసూయ కడుపులో, బిడ్డమీద మమకారమూ కడుపులోనే, తెలివి మాత్రం బుర్రలో వుంటాయి. యూనానీ వైద్యం గ్రీకు గాలెన్‌ను అనుసరించి మెదడుకే పెద్దపీట వేసింది. పదకొండవ శతాబ్దిలో ఇబ్న్ సీనా తన వైద్యగ్రంథంలో మెదడులోని ముందు గదిలో ఇంద్రియ జ్ఞానాలు కలుసుకుంటాయనీ, నడిమి గదిలో ఆలోచన నడుస్తుందనీ, వెనుక గదిలో జ్ఞాపకం వుంటుందనీ వివరించాడు. గదుల లెక్క తప్పు. మనస్సు చేసే పనులు వేరువేరు అనీ, వాటికి శరీరంలో వేరువేరు చోట్లు వుండవచ్చుననీ ఊహించడం మాత్రం చిన్న విషయం కాదు. ఆ విద్య మన ఊరిదే. కులీ కుతుబ్ షా కాలంలో, 1595 ప్రాంతంలో, దారుల్‌షిఫా వెలిసింది. శాలిబండ నుంచి నడిచి చేరుకోగల దూరంలో, చార్మినారు పక్కన, నిజామియా తిబ్బీ కళాశాల ఈనాటికీ యూనానీ వైద్యం బోధిస్తున్నది.

ఆధునిక శరీరశాస్త్రం కూడా హైదరాబాదుకు ఉర్దూలోనే వచ్చింది. 1846లో రెసిడెన్సీ వైద్యుడు మెక్లీన్ చొరవతో మొదలైన వైద్య పాఠశాలలో బోధన ఉర్దూలో సాగింది. ఆ పాఠశాల పెద్దగా వున్న ఎడ్వర్డ్ లారీ కాలంలోనే ప్రపంచమంతా చెవి ఒగ్గిన ఒక వాదం ఇక్కడ నడిచింది. శస్త్రచికిత్సకు ముందు క్లోరోఫారం ఇచ్చినప్పుడు కొందరు రోగులు బల్లమీదనే చనిపోయేవారు. ముందు ఆగేది శ్వాసా, గుండా? శ్వాసే అనీ, ఊపిరిని కనిపెట్టి వుంటే ప్రమాదం లేదనీ లారీ పట్టు. 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ 141 కుక్కలమీద పరీక్షలు జరిపి ఆ మాటే చెప్పింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. ఆరవ నిజాం వెయ్యి పౌనులు ఇచ్చి, ఆ పత్రిక ప్రతినిధినే రప్పించి చూపించమన్నాడు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. నాలుగు వందలకు పైగా జంతువులమీద పరీక్షలు జరిగాయి. తీర్పు మళ్లీ శ్వాస వైపే వచ్చింది.

ఈ కథలో మన విద్యార్థులు గమనించవలసినవి మూడు వున్నాయి. మొదటిది, శ్వాసను నడిపే కేంద్రం మెదడు అడుగున, వెన్నుపాముకు పైన వుంటుంది. క్లోరోఫారం మత్తు పై మెదడును ముంచి, మోతాదు పెరిగితే అక్కడిదాకా దిగుతుంది. కొన్ని చుక్కల ద్రవం ఆవిరయి ముక్కులోకి పోతే మనిషికి నేను అన్న ఎరుక ఆరిపోతుంది. ఆవిరి తొలగితే తిరిగి వస్తుంది. చైతన్యానికి భౌతికమైన ఆధారం వుందనడానికి ఇంతకన్నా పెద్ద నిదర్శనం అక్కర్లేదు. రెండవది, కమిషన్ తీర్పు పూర్తిగా నిలబడలేదు. 1911లో లెవీ అనే ఆయన, తేలిక మత్తులో వున్నప్పుడే క్లోరోఫారం గుండె లయను చెదరగొట్టి చంపగలదని పిల్లులమీద చూపించాడు. వందల జంతువుల లెక్క ముందు పెట్టుకున్నా, ముందే నమ్మిన సిద్ధాంతం కళ్లకు గంతలు కట్టగలదు. మూడవది, ఆ పరీక్షల్లో పాలుపంచుకున్నవారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే హైదరాబాదు విద్యార్థిని వుంది. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యుల్లో ఒకరుగా ఆమెను ఇప్పుడు లెక్కిస్తున్నారు. ఈ ముగ్గురిలో లారీ పేరు పుస్తకాలకెక్కింది. రూపాబాయి పేరు పైకి రావడానికి శతాబ్దం పట్టింది. నిజాం ఇచ్చిన వెయ్యి పౌనులు ఎవరి పన్నుల్లోంచి వచ్చాయో చెప్పనక్కరలేదు.

యూరపులో అప్పటికి మనస్తత్వశాస్త్రం వేరు కాపురం పెట్టి పదేళ్లయింది. 1879లో లైప్‌జిగ్‌లో ప్రయోగశాల పెట్టిన వూంట్ వైద్యం చదివినవాడు, హెల్మ్‌హోల్ట్జ్ దగ్గర పనిచేసినవాడు. ఆ హెల్మ్‌హోల్ట్జ్ 1850లో కప్ప కాలిమీద నాడి వేగాన్ని కొలిచాడు. ఆలోచన మెరుపులా పోతుందనుకున్న లోకానికి, కబురు సెకనుకు ముప్పై మీటర్ల ప్రాంతంలో మాత్రమే నడుస్తుందని లెక్క చూపించాడు. 1861లో పారిస్‌లో బ్రోకా, మాట పడిపోయిన రోగి చనిపోయాక పుర్రె తెరిచి, ఎడమ ముందు మెదడులో దెబ్బతిన్న చోటు చూపించాడు. 1863లో రష్యాలో సెచెనోవ్ మెదడు ప్రతీకార చర్యల గురించి రాశాడు. 1866లో అది పుస్తకంగా వస్తే, నీతిని చెడగొడుతుందని జారు ప్రభుత్వం పట్టుకుని కేసు పెట్టింది. మెదడును గురించిన పుస్తకం ప్రభువులను భయపెట్టిందంటే కారణం వుంది. మనిషి కోరికలకు, సంకల్పాలకు పరిసరాల్లో కారణాలున్నాయంటే, ఆ పరిసరాలను మార్చవచ్చునన్న ఆలోచన దాని వెంటనే వస్తుంది.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా గుర్తించాలి. మనస్తత్వశాస్త్రం పుట్టుకతోనే నాడీశాస్త్రంతో కలిసి పుట్టింది. తరువాత ఎవరో మెదడు అధ్యాయాన్ని తెచ్చి అతికించలేదు. అతికించినట్టు కనిపించడానికి కారణం అది మన దేశానికి వచ్చిన దారి. 1916లో కలకత్తాలో, 1924లో మైసూరులో మనస్తత్వశాస్త్రానికి వేరు శాఖలు ఏర్పడ్డాయి. ఆ శాఖలను నెలకొల్పిన సేన్‌గుప్తా హార్వర్డులో చదివినవాడు, గోపాలస్వామి లండన్‌లో స్పియర్మన్ శిష్యుడు. చాలాచోట్ల మాత్రం ఆ శాస్త్రం తత్వశాస్త్ర శాఖలో ఒక గదిగా మిగిలింది. తత్వశాస్త్రం ఆర్ట్సు చదువు గనుక మనస్సు ఆర్ట్సు అయింది; మెదడు సైన్సు గనుక గోడకు అవతల పడింది. కళాశాల పాలకులు గీసిన గోడను విద్యార్థులు ప్రకృతి గీసిన గోడగా నమ్ముతున్నారు.

ఇక రెండవ తెగవారి సంగతి. మెదడును సమాజం నుంచి విడదీసి చదివితే ఏం జరుగుతుందో చరిత్ర ఒకటికి రెండుసార్లు చూపించింది. పుర్రెమీద ఎత్తుపల్లాలు తడిమి గుణం చెప్పే విద్యకోసం కలకత్తాలో ఇంగ్లీషువారు 1825లోనే సంఘం పెట్టారు. ఆ విద్య చచ్చినా కొలత చావలేదు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణదేశపు కులాలవారి తలల పొడవు వెడల్పులు, ముక్కుల కొలతలు తీసి, 1909లో ఏడు సంపుటాలు అచ్చువేశాడు. మన తెలుగు కులాలన్నీ వాటిలో వున్నాయి. ముక్కు వెడల్పును బట్టి కులం ఎత్తు చెప్పవచ్చునని రిజ్లీ అంతకుముందే సిద్ధాంతం చేశాడు. ఇటలీలో లోంబ్రోజో పుట్టు నేరస్తుడి పుర్రె ఎలా వుంటుందో 1876లోనే రాశాడు. ఇటువంటి ఊహలున్న కాలంలోనే 1871లో నేరస్త తెగల చట్టం వచ్చింది. 1911లో మద్రాసు రాష్ట్రానికి వ్యాపించింది. ఎరుకలవారిని స్టువార్టుపురం సెటిల్‌మెంటులో పెట్టి కాపలా కాశారు. 1952లో చట్టం పోయింది గాని, ఆ పేరుమీద పడ్డ మచ్చ పోవడానికి చాలా కాలం పట్టింది. మనిషి తలలో ఏముందో కొలిచి చెబుతానన్న ప్రతి ఒక్కడినీ, కొలిపిస్తున్నది ఎవరని అడగడం విద్యార్థి నేర్చుకోవాలి.

ఇదే మెదడును సమాజంతో కలిపి చదివితే ఏం తెలుస్తుందో చూపించిన పని కూడా మన హైదరాబాదులోనే జరిగింది. మన పాఠ్యపుస్తకాల్లో దానికి దక్కవలసిన చోటు దక్కలేదు. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనా సంస్థ దక్కను బీదల తిండిని పరిశీలించింది. జొన్నరొట్టెతోనే కడుపు నింపుకునేవారిలో పెల్లాగ్రా అనే జబ్బు కనబడేది. మెడమీద, చేతులమీద చర్మం నల్లబడి పొలుసులూడడం, విరేచనాలు, వాటితోపాటు దిగులు, మతి తప్పడం దాని లక్షణాలు. జొన్నలో ల్యూసిన్ అనే పదార్థం పాలు ఎక్కువగా వుండడమే కారణం కావచ్చునని గోపాలన్, శ్రీకాంతయ్య 1960లో లాన్సెట్‌లో రాశారు. ఆ కారణం గురించి తరువాత వాదాలు జరిగాయి. జబ్బు బీదల జబ్బు అన్నదానిమీద మాత్రం వాదం లేదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న తిని బతికిన కూలీలతో అంతకుముందే పిచ్చాసుపత్రులు నిండాయి. అది అంటుజబ్బు కాదనీ, ఆదాయానికీ తిండికీ సంబంధించినదనీ గోల్డ్‌బర్గర్ రుజువు చేశాడు. ఒక మనిషి దిగులుకు కారణం అతడి గతంలో వెతకవచ్చు, మెదడు రసాయనంలో వెతకవచ్చు. ఇక్కడ మాత్రం అది అతడి కంచంలో దొరికింది. కంచంలో ఏముండాలో నిర్ణయించేది కూలి రేటు.

అదే సంస్థ నుంచి 1968లో చంపకం, శ్రీకాంతయ్య, గోపాలన్ మరొక పరిశోధన వెలువరించారు. పసితనంలో, ఏడాదిన్నరకూ మూడేళ్లకూ మధ్య, మాంసకృత్తుల లేమితో ఒళ్లు ఉబ్బే క్వాషియోర్కర్ జబ్బుకు చికిత్స పొంది బతికిన 19 మంది పిల్లలను, వాళ్లకు ఎనిమిది నుంచి పదకొండేళ్ల వయస్సు వచ్చాక పరీక్షించారు. కులం, మతం, ఆర్థికస్థితి, తల్లిదండ్రుల చదువు వంటివి సరిపోయే ఇతర పిల్లలతో పోల్చారు. జబ్బుపడి లేచిన పిల్లలు వెనకబడి వున్నారు. చిన్న వయస్సువారిలో తేడా ఎక్కువగా వుంది, పెద్దవారిలో తక్కువగా వుంది. 19 చిన్న సంఖ్య. ఆసుపత్రిలో గడిచిన రోజులు, ఇంటి పరిస్థితులు కూడా లెక్కలోకి రావాలి. అయినా దీని అర్థం పెద్దది. థర్‌స్టన్ తల బయట కొలిచి కులాన్ని చూశాడు. ఈ పరిశోధకులు కులాన్ని రెండువైపులా సమానం చేసి, ఆకలి చేసిన పనిని చూశారు. వయస్సుతో తేడా తగ్గినట్టు కనిపించడంలో మరొక సూచన వుంది: మెదడు ఒకసారి పోతపోసి ఆరబెట్టిన బొమ్మ కాదు, కోలుకునే శక్తి దానికి వుంది. అంగన్‌వాడీలో పసిపిల్లకు పెట్టే గుడ్డు గురించి మాట్లాడడం కూడా నాడీశాస్త్రం గురించి మాట్లాడడమే.

ఇటువంటివి ఇంకా వున్నాయి. కేసరి పప్పు తిన్నవారికి కాళ్లు కర్రల్లా బిగుసుకుపోయే జబ్బు మధ్య భారతంలో చిరకాలంగా వుంది. రీవా ప్రాంతంలో భూస్వాములు కట్టుబానిసలకు ఆ పప్పునే కూలిగా కొలిచేవారు. ఆ పప్పులోని విషపదార్థాన్ని 1964లో బెంగుళూరులో వేరుచేసినవారిలో ఎస్.ఎల్.ఎన్. రావు ఒకరు, తరువాత ఆయన మన ఉస్మానియాలో జీవరసాయనశాస్త్రం బోధించారు. ఆ విషం, నాడీకణాలు పరస్పరం కబురు పంపుకునే గ్లుటమేట్ అనే రసాయనంలా వేషం వేసుకుని వస్తుంది. కణాన్ని అదేపనిగా రెచ్చగొట్టి చంపుతుంది. పాఠ్యపుస్తకంలో నాడీప్రసారక రసాయనాల పట్టికలో గ్లుటమేట్ ఒక పేరు. ఈ కథ చెబితే ఆ పేరు వెనుక ఒక వెట్టిమనిషి కర్ర ఊతంతో నిలబడి కనిపిస్తాడు. నల్లగొండ ఫ్లోరైడు నీళ్ల సంగతి మనవాళ్లకు చెప్పనక్కరలేదు. 1955లో సిద్దికీ బ్రిటిష్ వైద్యపత్రికలో దాన్ని వర్ణించాడు. వెన్నెముక బలిసి లోపలి వెన్నుపామును నొక్కితే కాళ్లు పడిపోతాయి. వెన్నుపాము పాఠానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ ఏముంటుంది?

మెదడూ సమాజమూ కలిసే చోటును సిద్ధాంతంగా చెప్పడానికి గట్టిగా ప్రయత్నించినవారు సోవియట్ శాస్త్రజ్ఞులు విగోత్‌స్కీ, లూరియా. పసివాడు పెద్దలతో మాట్లాడుతూ నేర్చిన మాటే లోపలికి పోయి ఆలోచన అవుతుందనీ, మెదడులోని కేంద్రాలు ఆ సామాజిక అనుభవంతో ఒకదానికొకటి ముడిపడి పనిచేస్తాయనీ వారు చెప్పారు. 1943లో తలకు తూటా తగిలిన జసెత్‌స్కీ అనే సైనికుణ్ణి లూరియా ఏళ్లతరబడి పరిశీలించాడు. అతడు చదవడం మరిచిపోయాడు. అక్షరం అక్షరం కూడబలుక్కోకుండా చెయ్యి కదిలిస్తే మాత్రం రాయగలిగాడు. రాసింది తానే చదువుకోలేడు. అయినా పాతికేళ్లపాటు తన కథను మూడు వేల పుటలు రాశాడు. సాహిత్యం చదివే మనకు ఈ మనిషి తెలిసి వుండవలసినవాడు. అయితే అదే సోవియట్ దేశంలో 1950లో జరిగిన శాస్త్ర సమావేశం పావ్లోవ్ మాటలను వేదవాక్యాలు చేసింది. ఒర్బేలీ, అనోఖిన్ వంటివారు పదవులు పోగొట్టుకున్నారు. లూరియా తన ప్రయోగశాలను పోగొట్టుకున్నాడు. భౌతికవాదం పేరుతో జరిగినా అది మతగురువుల పని. ఈ మాట మనం చెప్పకపోతే మన ప్రత్యర్థులు చెబుతారు. పైగా వాళ్లు విగోత్‌స్కీ పేరు ఎత్తరు.

ఇప్పుడు భాష సంగతి. 1917లో అనువాద శాఖనూ, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయాన్నీ స్థాపించి, దేశభాషలో ఉన్నతవిద్య నడపవచ్చునని హైదరాబాదు రుజువు చేసింది. అది గొప్ప పని. అయితే రాజ్యంలో అత్యధికుల భాష తెలుగు. 1921లో ఇదే నగరంలో ఒక సభలో తెలుగులో మాట్లాడబోయినాయనను ఎగతాళి చేస్తే, ఆ అవమానంలోంచి ఆంధ్రజనసంఘం పుట్టింది. అంతకుముందే, 1906లో, ఇక్కడే విజ్ఞాన చంద్రికా మండలి మొదలై తెలుగులో శాస్త్రగ్రంథాలకు దారి వేసింది. 1948 తరువాత ఉస్మానియాలో ఉర్దూ స్థానాన్ని ఇంగ్లీషు ఆక్రమించింది. తెలుగు వంతు రాలేదు. 1968లో తెలుగు అకాడమీ వచ్చి పరిభాషలు, పాఠ్యపుస్తకాలు తెచ్చింది. ఉర్దూ అనువాదకులు అరబీ నుంచి, తెలుగు అనువాదకులు సంస్కృతం నుంచి మాటలు తెచ్చారు. నుఖా అంటే శాలిబండ కుర్రవాడికి తెలియదు. మజ్జాముఖం అంటే అతడి పక్కన కూర్చున్న పిల్లకూ తెలియదు. హరాం మగజ్ అంటే మాత్రం మాంసం కొట్టుకు వెళ్లే ప్రతి ఇంటివాడికీ తెలుసు: మేక వెన్నెముకలోంచి లాగి పారేసే తెల్లటి తాడు. దాన్నే తెలుగు జనం వెన్నుపాము అన్నారు. జనం పెట్టిన ఆ పేరు పండితులకు కూడా తప్పలేదు, పాఠ్యపుస్తకంలో చేరింది.

ఈ మధ్య మా కళాశాలలో మనస్తత్వశాస్త్రం చెప్పే మిత్రుడు ఒక పని చేశాడు. మాంసం కొట్టునుంచి పగలని భేజాను పళ్లెంలో తెచ్చి బల్లమీద పెట్టాడు. భేజా ఫ్రై తిన్న పిల్లలే గాని, రెండు అర్ధగోళాలను విడదీసి చూసినవాళ్లు లేరు. ముడతలు ఎందుకు, వెనుకనున్న ఈ చిన్న గుత్తి ఏమిటి, ఊపిరి కేంద్రం ఎక్కడ అని అరగంటలో యాభై ప్రశ్నలు వచ్చాయి. ఇంగ్లీషు పేర్లు ఆ తరువాత వాటంతట అవే నోటికి వచ్చాయి. ప్రయోగశాల లేదు, నిధులు లేవు అని కూర్చోవడానికి కారణం లేదని నాకు అప్పుడు బోధపడింది.

ఇది తొందరగా చెయ్యవలసిన పని. నడిమి మెదడును మేల్కొలుపుతామని, కళ్లకు గంతలు కట్టుకుని పిల్లలు అక్షరాలు చదువుతారని చెప్పి, తల్లిదండ్రుల దగ్గర వేలకు వేలు గుంజిన తరగతులు మన పట్టణాల్లో నడిచాయి. నిజంగా నడిమి మెదడు ఏం చేస్తుందో బి.ఏ. విద్యార్థికి తెలిసి వుంటే, తన వీధిలో ఆ దుకాణం తెరిచిననాడే దాన్ని నిలదీసి వుండేవాడు. న్యూరో అన్న మాట ముందు తగిలిస్తే చాలు, ఏ సరుకైనా అమ్ముడుపోయే రోజులివి. తలరాత అని పూర్వం నుదుటిమీద చూపించినదాన్నే, ఇప్పుడు మెదడు చిత్రంలో రంగులు వేసి చూపించేవారు కూడా వున్నారు.

కనుక ఉపాధ్యాయులు చెయ్యదగినవి నాకు తోచినంతవరకు ఇవి. మెదడు అధ్యాయాన్ని పేర్ల పట్టికగా కాక చరిత్రగా చెప్పాలి; ప్రతి పేరు వెనుక ఒక తగువు, ఒక ప్రయోగం, ఒక రోగి వున్నారు. హైదరాబాదు పుటలను, అంటే క్లోరోఫారం కమిషన్‌ను, జొన్నరొట్టె జబ్బును, నల్లగొండ నీళ్లను, 19 మంది పిల్లలను ఆ అధ్యాయంలో చేర్చాలి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మాటలు పక్కపక్కన వుండే చిన్న నిఘంటువును విద్యార్థులచేతనే తయారు చేయించాలి. అందులో అకాడమీ మాటలతో పాటు కటికవాడి మాట, ఇంటి ఇల్లాలి మాట వుండాలి. తెలుగు శాఖ, ఉర్దూ శాఖ, మనస్తత్వశాస్త్ర శాఖ కలిసి కూర్చుంటే ఇది ఒక ఏడాది పని.

పేదవాడి బిడ్డ తన మనస్సును గురించి చదువుకోవడానికి కళాశాలకు వస్తున్నాడు. నీ తెలివి నీ కులంలో వుందని ఒకరు, నీ జన్యువుల్లో వుందని ఒకరు, నీ కర్మలో వుందని ఒకరు అతడికి చెబుతూనే వున్నారు. వాళ్లకు జవాబు చెప్పడానికి అతడికి మెదడు పాఠం కావాలి. దాన్ని అతడికి అర్థమయ్యే మాటల్లో చెప్పే బాధ్యత మనది.